చిన్న జాతి కుక్కపిల్ల ఎంత పెరుగుతుంది? కాటా, టేపు, క్యాలెండర్‌తో లెక్క వేసే పద్ధతి

"మా పిల్ల పెద్దయ్యాక ఎంత సైజుకొస్తుంది?" అని అడిగేవాళ్లలో చాలామంది ఒక ఫొటో పంపిస్తారు. పాదాలు బాగా కనపడేలా తీసిన ఫొటో. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. వయసు ఎన్ని వారాలో, బరువు ఎన్ని గ్రాములో, తల్లిదండ్రులు ఎంత బరువున్నాయో చెబితే మాత్రం చాలావరకు దగ్గరి అంచనా వేయొచ్చు.

ఇక్కడ చిన్న జాతి అంటే పెద్దయ్యాక 10 కిలోల లోపు ఉండేవి. వీటిని రెండు రకాలుగా విడదీసి చూడాలి. చివావా, పొమెరేనియన్, మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటివి సాధారణంగా 4 కిలోలు దాటవు, వీటిని టాయ్ రకం అందాం. షిట్జు, పగ్ లాంటివి 4 నుంచి 10 కిలోల మధ్య ఉండేవి. రెండిటి ఎదుగుదల వేగం ఒకటి కాదు కాబట్టి లెక్క కూడా కాస్త మారుతుంది. ల్యాబ్రడార్ పిల్లనో, జర్మన్ షెపర్డ్ పిల్లనో పెట్టుకుని ఈ లెక్కలు వేయకండి, పూర్తిగా తప్పు వస్తాయి.

ఇంకో మాట. చివర్లో మీ చేతికొచ్చేది ఒకే అంకె కాదు, "2.7 నుంచి 3.3 కిలోలు" లాంటి ఒక పరిధి. ఎనిమిది వారాల పిల్లను చూసి "కచ్చితంగా మూడు కిలోల వంద గ్రాములు" అని చెప్పేవాళ్లు మీకేదో అమ్మే పనిలో ఉన్నారని అర్థం.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- వంటింటి డిజిటల్ కాటా. 5 కిలోల వరకు తూగాలి, గ్రాముల్లో చూపించాలి.
- పిల్ల పట్టేంత బుట్ట గానీ లోతైన గిన్నె గానీ, అడుగున జారకుండా ఒక గుడ్డ.
- బట్టలు కుట్టేవాళ్లు వాడే మెత్తని టేపు.
- గట్టి అట్ట ఉన్న పుస్తకం, పెన్సిల్, ఖాళీ గోడ.
- పుట్టిన తేదీ, వ్యాక్సిన్ కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీలు.
- తల్లి బరువు, తండ్రి బరువు. దొరికితే అంతకు ముందు ఈతలో పుట్టి ఇప్పటికే పెద్దవైన పిల్లల బరువులు కూడా.
- రాసుకోవడానికి ఒక పుస్తకం. ఫోన్‌లో రాసుకున్నా పర్లేదు, కానీ అన్నీ ఒకే చోట ఉండాలి.

మనుషులు తూచుకునే కాటా మీద పిల్లను ఎత్తుకుని నిలబడి, తర్వాత మన బరువు తీసేసే పద్ధతి చాలామంది వాడతారు. పెద్ద కుక్కకు అది చాలు. టాయ్ పిల్లకు పనికిరాదు. పిల్లతో 63.7, పిల్ల లేకుండా 62.4, తేడా 1.3 కిలోలు అనుకోండి. కాటా వంద గ్రాముల చొప్పున మాత్రమే చూపిస్తుంది కాబట్టి అసలు బరువు 1.2 కావచ్చు, 1.4 కావచ్చు. పన్నెండు వారాల పిల్లకు దీన్ని 2.25తో గుణిస్తే ఒకసారి 2.7 కిలోలు, ఇంకోసారి 3.15 కిలోలు వస్తుంది. మనం చేసేదంతా గుణకారమే, అందుకని మొదట్లో దొర్లిన చిన్న తేడా చివరికి రెండింతలు, మూడింతలై కూర్చుంటుంది.

2. ముందు వయసు తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే. బరువు సరిగ్గానే తూచి ఉంటారు, వయసు మాత్రం ఎవరో చెప్పిన మాట పట్టుకుని వేస్తారు. 1.2 కిలోల పిల్లను తెచ్చి "రెండు నెలలది" అన్నారనుకోండి. ఎనిమిది వారాల లెక్కలో వేస్తే అది దాదాపు 3.9 కిలోలకు పెరగాలి. నిజంగా దాని వయసు పన్నెండు వారాలైతే 2.7 దగ్గరే ఆగిపోతుంది. పిల్లలో ఏ మార్పూ లేదు, వయసు మారిందంతే.

కావాలని అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారు. నాలుగు నెలల పిల్ల అమ్ముడుపోక మిగిలిపోతే చిన్నదని చెబుతారు. ఐదారు వారాలకే తల్లి దగ్గర్నుంచి తీసేసినదాన్ని ఎనిమిది వారాలది అంటారు, అప్పుడు "ఎంత బుల్లిగా ఉందో చూడండి" అని చూపించడం తేలిక. అందుకే నోరు తెరిచి పళ్లు చూడండి.

- మూడు నుంచి ఆరు వారాల మధ్య పాలపళ్లు ఒక్కొక్కటిగా చిగురు దాటి వస్తాయి.
- ఎనిమిది వారాలకు మొత్తం 28 పాలపళ్లు ఉండాలి. బాగా చిన్న జాతుల్లో ఒకటి రెండు వారాలు ఆలస్యం కావచ్చు.
- మూడున్నర, నాలుగు నెలలప్పుడు ముందుపళ్లు ఊడి కొత్తవి రావడం మొదలవుతుంది.
- ఐదారు నెలలకు కోరపళ్లు మారతాయి.
- ఏడు నెలలకు దాదాపు అన్నీ శాశ్వత పళ్లే, మొత్తం 42.

చూడడం ఎలాగంటే, పిల్ల నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పైపెదవిని బొటనవేలితో మెల్లగా పైకి ఎత్తండి. పాలపళ్లు సన్నగా, సూదిమొనల్లా ఉంటాయి, పంటికీ పంటికీ మధ్య కాస్త ఖాళీ కనిపిస్తుంది. మధ్యలో రెండు పళ్లు మాత్రం వెడల్పుగా, పలకల్లా, పక్కవాటికి పొంతన లేకుండా కనిపిస్తున్నాయంటే అవి శాశ్వత పళ్లు. ఆ పిల్ల "రెండు నెలలది" అయ్యే అవకాశమే లేదు.

పుట్టిన తేదీ తెలియకపోతే వెట్ (పశువుల డాక్టరు) దగ్గర పళ్లు చూపించి "ఇన్ని వారాల నుంచి ఇన్ని వారాల మధ్య" అని రాయించుకోండి. తర్వాత లెక్కలో ఆ రెండు వయసులకీ విడివిడిగా వేయండి. పరిధి పెద్దదవుతుంది, అయినా తప్పుడు అంకె కన్నా అదే నయం.

వయసును నెలల్లో కాకుండా వారాల్లో రాసుకోవాలి. మూడు నెలలంటే పన్నెండు వారాలు అనేస్తారు గానీ నిజానికి పదమూడు. ఈ వయసులో ఒక్క వారం తేడా కూడా లెక్కలో కనిపిస్తుంది.

3. బరువు తూచే క్రమం

వారానికి ఒకసారి, అదే రోజు, అదే సమయం. ఉదయం లేచాక, బయటికి తీసుకెళ్లి మూత్ర విసర్జన, మల విసర్జన అయ్యాక, తిండి పెట్టకముందు.

- ఖాళీ బుట్ట, గుడ్డతో సహా కాటా మీద పెట్టి సున్నా చేయండి.
- కాలర్, హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ), బట్టలు తీసేయండి.
- పిల్లను బుట్టలో కూర్చోబెట్టి ఒక చేత్తో తాకీ తాకకుండా పట్టుకోండి. చెయ్యి ఆనిస్తే బరువు మారిపోతుంది.
- అంకె నిలకడగా ఉన్నప్పుడు చూడండి. మూడుసార్లు తూచి మధ్య అంకె రాసుకోండి.
- పక్కన తేదీ, వయసు వారాల్లో, ఆ వారం జబ్బు చేసిందా, విరేచనాలు పట్టాయా, నులిపురుగుల మందు వేశారా అన్నది కూడా రాయండి.

తిన్న వెంటనే ఎందుకు తూచకూడదంటే, కిలో బరువున్న పిల్ల ఒక పూట తిండి, నీళ్లు కలిపి 60 గ్రాములు లోపలికి పంపడం పెద్ద విషయం కాదు. ఎనిమిది వారాల లెక్కలో అది మూడు రెట్లై దాదాపు 200 గ్రాములుగా కనిపిస్తుంది.

రోజూ తూచొచ్చా? తూచొచ్చు, కానీ రోజువారీ హెచ్చుతగ్గులు చూసి లేనిపోని టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు. కొత్తగా ఇంటికి తెచ్చిన మొదటి వారం మాత్రం వేరు. చిన్న పిల్లలు చోటు మారేసరికి తిండి మానేస్తాయి, అప్పుడు రోజూ చూడడమే మంచిది.

4. ఎత్తు, ఛాతీ, వీపు

బరువు ఒక్కటే చూస్తే లావైన పిల్లను పెద్ద పిల్ల అనుకుంటాం. అందుకే రెండు వారాలకోసారి టేపు తీయండి.

ఎత్తు కొలవాల్సింది తల దగ్గర కాదు. మెడ దిగి వీపు మొదలయ్యే చోట, రెండు భుజాల మధ్య చేతికి తగిలే ఎత్తైన భాగం దగ్గర. పిల్లను గోడ పక్కన గట్టి నేల మీద నాలుగు కాళ్లూ నిటారుగా ఉండేలా నిలబెట్టి, ఆ చోట పుస్తకం అడ్డంగా ఆనించి గోడ మీద గీత గీసి, నేల నుంచి కొలవండి. బొచ్చు ఎక్కువున్న పిల్లకు బొచ్చు నొక్కి పెట్టి పుస్తకం ఆనించాలి, లేకపోతే రెండు సెంటీమీటర్లు దొంగ ఎత్తు వచ్చేస్తుంది.

ఛాతీ చుట్టుకొలత ముందుకాళ్ల వెనకాల, అన్నిటికంటే లావుగా ఉండే చోట. టేపు కింద ఒక వేలు దూరాలి. వీపు పొడవు మెడ మొదలు నుంచి తోక మొదలు వరకు, తోక లెక్కలోకి రాదు.

ఎత్తు ముందు ఆగిపోతుంది, ఛాతీ తర్వాత నిండుతుంది. ఎముకల చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్లు చిన్న జాతుల్లో సాధారణంగా 6 నుంచి 10 నెలల మధ్య మూసుకుపోతాయి, ఆ తర్వాత కాళ్లు పొడవు పెరగవు. కానీ ఛాతీ, మెడ, తొడల కండ మాత్రం ఏడాది వరకు, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువ కాలం పడుతూనే ఉంటుంది. ఏడు నెలల పిల్ల పీలగా, కాళ్లే ఎక్కువగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

5. తల్లిదండ్రులు, జాతి ప్రమాణం

కాగితం మీద అన్నిటికంటే గట్టి ఆధారం తల్లిదండ్రుల బరువే. రెండిటినీ కలిపి సగం చేయండి. దానికి 15 శాతం కింద, 15 శాతం పైన పెట్టుకోండి. ఆడపిల్లైతే ఆ పరిధిలో కింది సగం, మగపిల్లైతే పై సగం వైపు మొగ్గుతుందని అనుకోవచ్చు. తేడా పెద్దగా ఉండదు, అసలు ఉంటుందనీ రాసిపెట్టలేం.

అడిగేటప్పుడు ఇవి అడగండి:

- తల్లి చూలు కట్టకముందు ఎంత బరువుంది? పాలిచ్చే తల్లి బరువు అటూ ఇటూ అవుతుంది.
- తల్లి, తండ్రి లావుగా ఉన్నాయా, ఒద్దికగా ఉన్నాయా? 5 కిలోల లావు తండ్రి నిజానికి 4 కిలోల శరీరం కావచ్చు.
- తండ్రిని చూపిస్తారా, ఫొటోతో సరిపెడతారా?
- ఇదే జంటకు ముందు పుట్టినవి ఇప్పుడు ఎంతున్నాయి? ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీ జవాబు దొరికితే మిగతా లెక్కల పని సగం తగ్గిపోతుంది.

జాతి ప్రమాణం అంటే కుక్కల జాతులను నమోదు చేసే సంస్థలు, అంటే కెన్నెల్ క్లబ్బులు, రాసి పెట్టుకున్న కొలతలు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రకారం చివావా 2.7 కిలోలు మించకూడదు, పొమెరేనియన్ 1.4 నుంచి 3.2 కిలోలు, యార్క్‌షైర్ టెర్రియర్ 3.2 లోపు, షిట్జు సుమారు 4 నుంచి 7.3, పగ్ 6.3 నుంచి 8.2. టాయ్ పూడుల్‌కు బరువు కాకుండా ఎత్తు చూస్తారు, 10 అంగుళాలు దాటకూడదు. డాక్స్‌హుండ్‌ది ఇంకో దారి: అమెరికాలో మినియేచర్ అంటే ఏడాది నిండాక 5 కిలోల లోపు, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ మాత్రం దాన్ని ఛాతీ చుట్టుకొలతతో విడదీస్తుంది, అది కూడా 15 నెలలు నిండాక కొలిచి.

ఇవి ప్రదర్శనల కోసం రాసుకున్న కొలతలు, ప్రకృతి ఒప్పుకున్న హద్దులు కావు. ఏ వంకా లేని పొమెరేనియన్లలో కూడా కొన్ని 4, 5 కిలోలకు పెరుగుతాయి. పెరిగి 4 కిలోలైతే "ఇది అసలు జాతి కాదు" అనుకోనక్కర్లేదు, అమ్మినవాళ్లు చెప్పిన మాట మాత్రం గుర్తు తెచ్చుకోవచ్చు.

ఇక "టీకప్", అంటే కప్పులో పట్టేంత బుల్లిది అని చెప్పి అమ్మే పిల్ల. అమెరికన్ కెన్నెల్ క్లబ్ గానీ, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ గానీ, ఎఫ్‌సీఐ గానీ టీకప్ అనే సైజును గుర్తించవు. అది అమ్మకం కోసం పెట్టిన పేరు. ఆ పేరుతో వచ్చేవి మామూలు టాయ్ పిల్లలు కావచ్చు, వయసు తక్కువవి కావచ్చు, సరైన తిండి లేక గిడసబారినవీ కావచ్చు.

6. అసలు లెక్క

ఇప్పుడు బరువును గుణించడం. చిన్న జాతులకు నేను వాడమనేవి ఇవి. శాసనం కాదు, పనికొచ్చే అంచనా.

టాయ్ రకం, పెద్దయ్యాక 4 కిలోల లోపు:
- 8 వారాల బరువు × 3 నుంచి 3.5
- 12 వారాల బరువు × 2.1 నుంచి 2.4
- 16 వారాల బరువు × 1.6 నుంచి 1.9
- 26 వారాల బరువు × 1.2 నుంచి 1.35

4 నుంచి 10 కిలోల రకం:
- 8 వారాల బరువు × 3.5 నుంచి 4
- 12 వారాల బరువు × 2.4 నుంచి 2.8
- 16 వారాల బరువు × 1.8 నుంచి 2.1
- 26 వారాల బరువు × 1.3 నుంచి 1.4

మధ్య వారాలకు మధ్య అంకె తీసుకోండి. పది వారాల టాయ్ పిల్లకు సుమారు 2.75.

ఏ వరస వాడాలో తెలియకపోతే పన్నెండు వారాల బరువు చూడండి. 1.8 కిలోల లోపుంటే మొదటిది, పైనుంటే రెండోది. సరిగ్గా అక్కడే ఉంటే రెండూ వేసి చూడండి.

టాయ్ పిల్లలకు ఇంకో పాత కొండగుర్తు కూడా ఉంది: ఆరు వారాల బరువును రెండింతలు చేసి, దాన్ని మళ్లీ రెండింతలు చేయడం. ఆరు వారాల అంకె బ్రీడర్ దగ్గర రాసి ఉంటే అదీ వేసి పక్కన పెట్టుకోండి.

అన్నిచోట్లా కనిపించే సూత్రం ఒకటుంది, దాన్ని మాత్రం వాడకండి. బరువును వయసు వారాలతో భాగించి 52తో గుణించేది. ఏడాది పొడవునా పిల్ల ఒకే వేగంతో పెరుగుతుందని అది అనుకుంటుంది. టాయ్ పిల్ల నాలుగు నెలలకే సగం దాటేసి, ఆరు నెలలకు ముప్పాతిక దాటి, తొమ్మిది పది నెలలకు దాదాపు ఆగిపోతుంది. చివరి మూడు నాలుగు నెలల్లో జరగని పెరుగుదలను కూడా ఆ సూత్రం కలిపేస్తుంది.

7. ఒక పిల్లను పెట్టి చూద్దాం

టాయ్ రకం ఆడపిల్ల. తల్లి 2.8 కిలోలు, తండ్రి 3.1.

తల్లిదండ్రుల సగటు 2.95. పదిహేను శాతం అటూ ఇటూ చూస్తే 2.5 నుంచి 3.4.

ఆరు వారాలకు 700 గ్రాములు: నాలుగు రెట్లు 2.8 కిలోలు.
ఎనిమిది వారాలకు 900 గ్రాములు: 2.7 నుంచి 3.15.
పన్నెండు వారాలకు 1.35 కిలోలు: 2.8 నుంచి 3.25.
పదహారు వారాలకు 1.75 కిలోలు: 2.8 నుంచి 3.3.

అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా, అంటే లెక్క నిలబడింది. 2.7 నుంచి 3.3 కిలోలు అని రాసుకోవచ్చు, ఆడపిల్ల కాబట్టి మూడు లోపలే ఆగినా ఆశ్చర్యం లేదు. అదే 52 సూత్రం వేస్తే? 900ను 8తో భాగించి 52తో గుణిస్తే 5.85 కిలోలు. పదహారు వారాల బరువుతో వేసినా 5.7. ఈ అంకె చూసి "మమ్మల్ని మోసం చేశారు, ఇది క్రాస్ బ్రీడ్" అని గొడవకు దిగినవాళ్లున్నారు.

అంకెలు కలవకపోతే ఎలా? తల్లిదండ్రుల లెక్క 3 కిలోలంటోంది, బరువు లెక్క 4.5 అంటోంది అనుకోండి. ముందు వయసును అనుమానించండి, తర్వాత పిల్ల లావుగా ఉందేమో చూడండి, ఆ తర్వాతే చూపించిన తండ్రి నిజంగా తండ్రేనా అన్నది. ఈ వరసలోనే వెళ్లండి.

8. పన్నెండు వారాల తర్వాత చార్టు మీద పెట్టండి

ఒక్కసారి తూచి గుణించడం కంటే, వారం వారం చుక్కలు పెట్టుకుంటూ పోతే దొరికే సమాచారం ఎక్కువ. పెంపుడు జంతువుల పరిశోధన సంస్థ వాల్తమ్ తయారుచేసిన, 2017లో వెలువడిన పప్పీ గ్రోత్ చార్టులు ఇందుకు బాగా పనికొస్తాయి, ఉచితంగానే దొరుకుతాయి. పన్నెండు వారాల నుంచి రెండేళ్ల వరకు ఉంటాయి. మగకు వేరు, ఆడకు వేరు. పెద్దయ్యాక రావచ్చనుకునే బరువును బట్టి చార్టు ఎంచుకోవాలి: చిన్నవాటికి 6.5 కిలోల లోపు ఒకటి, 6.5 నుంచి 9 కిలోలకు ఇంకొకటి, 9 నుంచి 15 కిలోలకు మరొకటి.

- ముందు 6వ మెట్టులో వచ్చిన పరిధిని బట్టి చార్టు తీసుకోండి.
- ప్రతి వారం బరువును వయసుకు ఎదురుగా చుక్క పెట్టండి.
- నాలుగైదు చుక్కలయ్యాక అవి ఏ వంపు గీత పక్కన నడుస్తున్నాయో చూడండి.
- ఆ గీతను ఏడాది దగ్గరికి జరుపుకుంటూ వెళ్తే అక్కడున్న బరువే మీ కొత్త అంచనా.

ఈ చార్టులు తయారుచేసింది పిల్ల సవ్యంగా ఎదుగుతోందా లేదా అని కనిపెట్టడానికి, జోస్యం చెప్పడానికి కాదు. అయినా ఆరోగ్యంగా ఉన్న పిల్ల సాధారణంగా తన గీత వెంబడే పోతుంది కాబట్టి మన పని కూడా జరిగిపోతుంది. చుక్కలు రెండు గీతలు దాటి పైకో కిందికో వెళ్లిపోతే అంచనా సంగతి పక్కన పెట్టి వెట్‌ను కలవండి.

9. క్రాస్ పిల్ల అయితే

ఇక్కడ పరిధి పెద్దగా ఉంచుకోవాలి. రెండు జాతుల సగటు అని తేల్చేయడం కుదరదు. ఒకే ఈతలో ఒకటి తల్లి పోలికలో, ఇంకోటి తండ్రి పోలికలో వస్తాయి. పైగా ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులుండడం కుక్కల్లో సాధ్యమే, తల్లి ఎదలో ఉన్నప్పుడు ఒకటికి మించి మగకుక్కలతో కలిసి ఉంటే.

పొట్టికాళ్ల జాతి కలిస్తే ఎత్తు ఒక దారి, బరువు ఒక దారి అవుతాయి. డాక్స్‌హుండ్ లాంటి వాటి పొట్టికాళ్లకు కారణమైన జన్యు మార్పు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా కాళ్లు పొట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఒళ్లేమో రెండో జాతి అంత బరువుగా పెరగొచ్చు. అలాంటి పిల్లకు ఎత్తు చూసి క్రేట్ (కుక్కను ఉంచే పెట్టె) కొంటే పొడవు చాలదు, వీపు కొలత చూసుకోవాలి.

తల్లిదండ్రులెవరో అసలు తెలియకపోతే మూడు దారులున్నాయి. మొదటిది ఓపిక పట్టి పదహారు వారాల వరకు ఆగడం, అప్పటి అంచనా ఎనిమిది వారాల దానికంటే చాలా నయం. రెండోది డీఎన్ఏ పరీక్ష, కొన్ని కంపెనీలు జాతులతో పాటు రావచ్చనుకునే బరువు కూడా చెబుతాయి. మూడోది వారం వారం పెరుగుతున్న గ్రాములు చూడడం. నాలుగు నెలలు దాటాక కూడా వారానికి పెరిగేది తగ్గకుండా ఇంకా ఎక్కువవుతూ పోతుంటే, అది 10 కిలోల లోపు ఆగే పిల్ల కాకపోవచ్చు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

పాదాలు చూసి చెప్పడం. పెద్ద జాతుల్లో బరువైన ఎముక గురించి పాదాలు కాస్త చెబుతాయేమో గానీ, అర కిలో తేడా కోసం తల పట్టుకునే చిన్న జాతుల్లో అది పనికిరాదు. వదులు చర్మం సంగతీ అంతే, పగ్‌కు పెద్దయ్యాక కూడా మడతలు పోవు.

పుట్టినప్పటి బరువుతో లెక్క. ఎక్కువ పిల్లలున్న ఈతలో ఒక్కోటీ చిన్నగా పుడుతుంది, తక్కువ ఉంటే పెద్దగా. ఈతలో అన్నిటికంటే బక్కది తర్వాత తోబుట్టువులను అందుకోవడం మామూలే. పుట్టిన బరువు రాసి పెట్టుకోండి, దాన్ని గుణించకండి.

బొచ్చును ఒళ్లనుకోవడం. పొమెరేనియన్ పిల్ల మూడు నెలలప్పుడు దూదిబంతిలా ఉండి, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య పిల్లబొచ్చు రాలిపోయి, మూతి సన్నగా, కాళ్లు పుల్లల్లా కనిపిస్తుంది. "చిక్కిపోయింది" అని ఫోన్లు వచ్చేది అప్పుడే. స్నానం చేయించినప్పుడు తడిసిన ఒంటిని ఒకసారి చూడండి, అదీ అసలు సైజు. కాటా అంకె తగ్గకపోతే చిక్కినట్టు కాదు.

పొట్టను చూసి మురిసిపోవడం. పక్కటెముకలు కనిపిస్తూ పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే బాగా తింటోందని కాదు, నులిపురుగులు ఉండొచ్చు. మందు వేయించి, రెండు వారాలయ్యాక తూచిన బరువు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టండి.

లావు పిల్లను పెద్ద పిల్ల అనుకోవడం. అరచేతులు పక్కటెముకల మీద పెట్టి తేలిగ్గా జరపండి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకు తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి. తగలకపోతే మీరు గుణిస్తున్నది కొవ్వును. ఎక్కువ తిండి పెడితే ఎముక పొడవవదు, కొవ్వు చేరుతుంది.

చిన్నగా ఉండాలని తిండి తగ్గించడం. దీని గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: చేయకండి. సైజు నిర్ణయమయ్యేది ముఖ్యంగా జన్యువుల్లో. తిండి తగ్గిస్తే ఎముక, కండ, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి. టాయ్ పిల్లల్లో, ముఖ్యంగా నాలుగు నెలల లోపు, కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి తూలడం, వణకడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. ఆ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెట్ దగ్గరికి పరిగెత్తాలి.

ఆపరేషన్ గురించి భయం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గ్రోత్ ప్లేట్లు మూసుకోకముందే చేయిస్తే అవి మూసుకోవడం కాస్త ఆలస్యమై కాళ్లు కొంచెం పొడవు పెరగొచ్చు. చిన్న జాతుల్లో ఈ తేడా కంటికి పెద్దగా ఆనదు. కంటికి ఆనేది ఆపరేషన్ తర్వాత వచ్చే లావు, దానికి తిండి కొలత మార్చుకుంటే సరిపోతుంది. ఎప్పుడు చేయించాలో మీ వెట్‌తో మాట్లాడి తేల్చుకోండి.

11. లెక్క ఆపి వెట్‌ను కలవాల్సిన సందర్భాలు

- రెండు వారాలు వరసగా బరువు పెరగలేదు, లేదా తగ్గింది.
- తోబుట్టువులతో పోలిస్తే తేడా వారం వారం పెరుగుతోంది.
- తిన్న కాసేపటికి మత్తుగా, అయోమయంగా ఉంటోంది, గోడకు తల ఆనించి నిలబడుతోంది.
- ఆరు నెలలు దాటినా పిల్లబొచ్చే ఉంది, పళ్లు మారలేదు, ఎదుగుదల లేదు.
- కాస్త ఆడగానే ఆయాసపడి కూలబడుతోంది.

మూడోది కాలేయానికి వెళ్లాల్సిన రక్తం పక్కదారి పట్టే జబ్బుకు గుర్తు కావచ్చు. యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ జాతుల్లో ఇది ఎక్కువ, ఆ పిల్లలు ఎదుగుదల లేక చిన్నగా ఉండిపోతాయి. థైరాయిడ్ లోపం, పిట్యూటరీ గ్రంథి లోపం, పుట్టుకతో వచ్చే గుండె జబ్బు కూడా పిల్లను ఎదగనివ్వవు. "అమ్మయ్య, టీకప్ సైజులోనే ఆగింది" అని సంతోషించేలోపు ఒక రక్తపరీక్ష చేయించండి.

12. ఎప్పుడు ఏది కొనాలి, లెక్క ఎప్పుడు ముగించాలి

అంచనా వేయడం చాలామందికి క్రేట్, హార్నెస్, పడక కొనడానికే అవసరం. పదహారు వారాల లోపు పెద్దయ్యాక పట్టేవి ఏవీ కొనకండి. హార్నెస్ బరువును బట్టి కాకుండా ఛాతీ కొలతను బట్టి తీసుకోండి, ఏడాది నిండేలోపు కనీసం ఒకసారి మార్చాల్సి వస్తుంది. క్రేట్ అయితే మధ్యలో అడ్డుపలక జరుపుకునే రకం కొంటే పిల్లతో పాటు చోటు పెంచుకుంటూ పోవచ్చు.

- 8 వారాలు: మొదటి అంచనా. పెన్సిల్‌తో రాసుకోండి.
- 12 వారాలు: రెండో అంచనా, చార్టు మొదలు.
- 16 వారాలు: మొదటిసారి నమ్మదగ్గ పరిధి. క్రేట్ ఇప్పుడు చూడొచ్చు.
- 26 వారాలు: పరిధి బాగా ఇరుకవుతుంది. ఎత్తు దాదాపు తేలిపోయి ఉంటుంది.
- 10 నెలలు: టాయ్ రకం దాదాపు పూర్తి.
- 12 నెలలు: మిగతా చిన్న జాతులు కూడా. ఈ బరువును, ఒళ్లు సరిగ్గా ఉంటే, పెద్దకుక్క బరువుగా కార్డు మీద రాయించండి.

నెల తేడాతో రెండుసార్లు కొలిచినా ఎత్తు మారకపోతే ఎముక పెరగడం ఆగిందనుకోవచ్చు. అది తెలుసుకోవడానికే ఎక్స్‌రే తీయించాల్సిన పని లేదు. ఆ తర్వాత బరువు పెరుగుతుంటే పక్కటెముకలు తడిమి చూడండి: ఛాతీ కొలత పెరిగి, ఎముకలు వేళ్లకు ఇంకా తగులుతుంటే అది కండ. నడుము దగ్గర సన్నదనం పోయి, ఎముకలు తగలకపోతే తిండి గిన్నెలో కొలత తగ్గించే సమయం వచ్చింది, పప్పీ ఫుడ్ మాని పెద్దకుక్క ఫుడ్‌కు మార్చడం గురించి కూడా అప్పుడే వెట్‌ను అడగండి.